మద్రాసులో ఆగిపోయిన మా తాత టైర్లు

మా తాత ఇన్నయ్యకు డెబ్బై ఏడేళ్ళు. నోట్లో మిగిలిన పళ్ళకంటే కొట్టు గోడకు వేలాడే పాత ట్యూబులే ఎక్కువ. యానాం ఫరంపేటలో మా ఇంటి ముందున్న రేకుల షెడ్డే ఆ కొట్టు. దానికి బోర్డు లేదు. ఎందుకు పెట్టవు తాతా అంటే, "పంచరైనోడు బోర్డులు చదువుకుంటా కూర్చుంటాడేటే? ఎవర్నో అడుగుతాడు, ఆళ్ళు నన్ను చూపిత్తారు" అంటాడు. అది నిజమే. మెట్టకూరు నుంచి ట్రాక్టరు ట్రక్కు తోసుకొచ్చేవాళ్ళు కూడా పంచరు కొట్టెక్కడని అడగరు, ఇన్నయ్య ఉన్నాడా అని అడుగుతారు.

కొట్టులో గాలి కొలిచే మీటరు ఉంది గానీ, అది వచ్చినవాళ్ళ తృప్తికి మాత్రమే. తాత పిడికిలితో టైరును ఒక్కటి తడతాడు. తల పక్కకు వంచి వింటాడు. "ఇరవై ఎనిమిది" అంటాడు. మీటరు పెట్టి చూస్తే ఇరవై ఎనిమిదే ఉంటుంది. ఎప్పుడైనా ఇరవై తొమ్మిది చూపిస్తే తాత మీటరును తిడతాడు.

ఆయనకొక పట్టుదల ఉంది. తన చేతిలో పాడైన వస్తువును తనే తెచ్చి, తన చేత్తోనే వేయాలి. డబ్బిచ్చేస్తాను, మీరు కొనుక్కోండి అనడం ఆయన దృష్టిలో పారిపోవడంతో సమానం. యాభై ఏళ్ళలో అలాంటి అవసరం మూడుసార్లే వచ్చిందట. చర్చి ఫాదరుగారి స్కూటరు ట్యూబు ఒకటి, ఎవరిదో సైకిలు రిమ్ము ఒకటి, పెళ్ళివారి జీపు టైరు ఒకటి. మూడింటినీ మర్నాటికల్లా తెచ్చి వేశాడు. పెళ్ళివారి జీపు విషయంలో ఆ మర్నాటికి పెళ్ళి అయిపోయిందనుకోండి, ఆ సంగతి మాత్రం తాత చెప్పడు. నేను చెబుతాను.

నాలుగో అవసరం పోయిన మే నెలలో వీరభద్రరావుగారి కారు రూపంలో వచ్చింది.

ఆయన మొదట్లో తూర్పుగోదావరిలోని పక్క పల్లె నుంచి వచ్చి, అడవిపొలంలో ఇల్లు కట్టుకుని రొయ్యల చెరువులు చేస్తున్న మనిషి. కిందటేడు పంట బాగా పండి, హైదరాబాదు వెళ్ళి, ఎవరో వాడిన జర్మనీ కారు కొనుక్కొచ్చారు. నీలం రంగుది. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, మా కోడి దాని కిందకు దూరాలంటే తల దించుకోవాలి. వాళ్ళావిడ సత్యవతిగారు అందులో ఒక్కసారి కూర్చుని, "కుడితి తొట్టిలో దిగినట్టుంది" అని లేచి, మళ్ళీ ఎక్కలేదు.

"ఇన్నయ్యగారూ, లోపల లైటు ఎలుగుతోందండి. ముందు టైర్లో గాలి దిగుతోందని చెబుతోంది" అన్నారు రావుగారు దిగుతూ.

తాత కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"స్టెప్నీ తియ్యండి బాబూ, ముందు అది ఎక్కిద్దాం."

"దీనికి స్టెప్నీ ఉండదండి."

"స్టెప్నీ లేని కారేం కారండీ! ఇంజినయినా ఉందా మరి?"

టైరులో మేకు దొరికింది. బయటినుంచి రబ్బరు తాడు గుచ్చితే అయిదు నిమిషాల పని. రావుగారూ అదే అన్నారు. తాతకు ఆ తాడంటే చులకన.

"తాడు దారినపోయేవోళ్ళకండి. మీరు మనూరోళ్ళు. చక్రం ఇప్పి లోపల్నుంచి అతుకేత్తాను. టైరున్నన్నాళ్ళూ ఉంటది."

అలాంటి టైర్లను ఊడదీయడానికి కాకినాడలో మిషను ఉంది. తాత దగ్గర రెండు ఇనుప లీవర్లు, ఒక మగ్గు సబ్బునీళ్ళు, ఒక కుడి మడమ ఉన్నాయి. ఆ మూడింటితో ఆయన లారీ టైర్లనే లొంగదీశాడు. ఈ టైరు చూడ్డానికి వెడల్పుగా ఉన్నా, పక్క ఎత్తు మాత్రం బెత్తెడే. గాలి పోయినా కొంతదూరం నడిచేలా చేస్తారట, అందుకని పక్కలు రాయిలా ఉన్నాయి. తాత గంటసేపు దానితో కుస్తీ పట్టాడు. నేను పక్కన నిలబడి, "తాతా, అది గెలుస్తోంది" అన్నాను. "నోర్ముయ్యవే" అని లీవరు మీద బరువంతా వేశాడు.

ఫట్‌మని శబ్దం వచ్చింది. టైరు అంచులో ఉండే ఉక్కుతీగ తెగి, రబ్బరు జానెడు పొడుగున చీలిపోయింది.

తాత టైరు వైపు చూడలేదు. తన చెయ్యి వైపు చూసుకున్నాడు.

"పోన్లెండి ఇన్నయ్యగారూ, దాని టైమయిపోయింది" అన్నారు రావుగారు. మంచి మనిషి. తిట్టి ఉంటే తాతకు కొంత నయంగా ఉండేది.

"దాని టైము కాదండి. నా చెయ్యి." తాత లీవర్లను నేలమీద పెట్టాడు. "ఈ కారు నా కొట్టు ముందునుంచి నాలుగు చక్రాల మీద మీ ఇంటికొత్తాదండి. నేనే తెప్పించి, నేనే ఏసి పంపుతాను."

"ఆయ్, అలాగేనండి. తొందరేం లేదు" అని ఆయన ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. కారు మాత్రం ఒక మూల కర్ర దిమ్మ మీద, మూడు చక్రాలతో మా గుమ్మం ముందు నిలబడిపోయింది.

ఆ సాయంత్రమే హైదరాబాదులో ఆ రకం టైర్లు అమ్మే కొట్టుకు నాచేత ఫోను చేయించాడు. ఇంటరు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పిన నేనే మా ఇంటికి ఇంగ్లీషు మేధావిని. వాళ్ళు చెప్పింది విని ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి తాతకు చెప్పాను.

"అరవై రెండు వేలంట."

"నాలుగింటికీనా?"

"ఒక్కదానికి."

"కారుతో కలిపి చెబుతున్నాడేమో, సరిగ్గా అడుగు."

సరిగ్గా అడిగాను. ఒక్కదానికే. పైగా ఒకటి వేస్తే చాలదు, ముందు రెండూ ఒకే రకానివి, ఒకేలా అరిగినవి ఉండాలి. ఆ మాట తాతకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయనే ఊరందరికీ చెబుతుంటాడు. పైదేశం నుంచి రావాలి కాబట్టి రెండు నెలలు పడుతుందన్నారు. తాత దగ్గర కొత్త కంప్రెసరు కోసం దాచుకున్న సొమ్ము ఒక్క టైరుకు కూడా సరిపోదు.

"పైదేశం అంటే ఏ దేశమో అడుగు."

"యూరప్ అంట తాతా."

అప్పుడు తాత ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసే నాకు భయం వేసింది.

తాత చెల్లెలు జోసెఫిన్ మామ్మ పారిస్ దగ్గర ఉంటుంది. యానాంలో ఇలాంటి చుట్టరికాలు చాలా ఇళ్ళలో ఉంటాయి. ఆవిడ మామగారు ఫ్రెంచివాళ్ళ కొలువులో చేసి వాళ్ళ పౌరసత్వం తీసుకోవడంతో కుటుంబమంతా అటు వెళ్ళింది. ఆవిడకు అక్కడ యాభై ఏళ్ళు గడిచినా తెలుగు మాత్రం ఇక్కడ వదిలినచోటే ఉంది. వీడియో కాల్లో చీలిన టైరు చూపించి, దానిమీద అంకెలు చదివి వినిపించాం. మర్నాడు ఆవిడ ధర కనుక్కుని చెప్పింది. మన డబ్బుల్లో టైరు ఇరవై రెండు వేలు.

"అక్కడ ఇరవై రెండు, ఇక్కడ అరవై రెండు. మజ్జిలో నలభై వేలు ఎవడు తింటున్నాడే?" అన్నాడు తాత.

"ఓడ కిరాయి, పన్నులు, కొట్టువాడి లాభం."

"మనకి కొట్టువాడు లేడు. పన్ను లేదు."

"పన్నెందుకు లేదు?"

తాత నన్ను జాలిగా చూశాడు. రెండుసార్లు ఇంటరు పోవడానికి కారణం ఇప్పుడు తెలిసినట్టు చూశాడు.

"మనది యానామే పిచ్చిదానా."

ఇది తాత ఒక్కడి వెర్రి అనుకోకండి. మా ముత్తాత ఫ్రెంచివాళ్ళ కాలంలో రేవులో సరుకు దించే పని చేసేవాడు. ఆ రోజుల్లో పైనుంచి వచ్చిన గుడ్డ గానీ, సైకిలు గానీ యానాంలో దిగితే సుంకం అడిగే నాథుడు లేడట. అది మన సరిహద్దు నీలపల్లి గట్టు దాటితేనే అవతలి ఇండియా సుంకంవాళ్ళు సంచులు విప్పించేవాళ్ళట. తాతకప్పుడు ఏడేళ్ళు. తండ్రి భుజం మీద కూర్చుని ఆ తమాషా చూశాడు. ఆ తర్వాత కూడా ఆయనకు అనుమానం కలిగేలా ఏమీ జరగలేదు. ఇప్పటికీ కాకినాడ వైపు బళ్ళు ధర తక్కువని మన బంకుల్లో పెట్రోలు పోయించుకుంటాయి. మందు కోసం వచ్చేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. రోజూ కళ్ళముందు యానాం వేరుగానే కనిపిస్తుంటే, టైరు దగ్గరకొచ్చేసరికి అది వేరు కాదని ఆ ముసలాయన ఎలా అనుకుంటాడు?

కంప్రెసరు సొమ్మును మామ్మకు ఇక్కడున్న బ్యాంకు ఖాతాలో వేశాం. రెండు టైర్లు పంపడానికి మరో టైరున్నర ఖరీదైంది. అది తన కానుక అని మామ్మే పెట్టుకుంది. పార్శిలు కాగితం మీద కూడా ‘అన్నయ్యకు కానుక’ అని రాసిందట. టైర్ల పక్కన నిలబడి దిగిన ఫొటో పంపింది. రెండు టైర్లూ ఆవిడ మోకాళ్ళు దాటి ఉన్నాయి.

ఇక మొదలైంది. పార్శిలు ఎక్కడుందో ఫోనులో చూడొచ్చని తెలియడమే పాపమైపోయింది.

"ఏడున్నాయే?"

"దుబాయిలో."

"దుబాయి ఎందుకెళ్ళాయి? దారి తప్పాయా?"

"విమానం మారతాయి తాతా."

"ఇప్పుడో?"

"ఇప్పుడే కదా చెప్పాను, దుబాయిలో."

అవి వచ్చేలోగా కారును పసిపిల్లలా చూసుకున్నాడు. టార్పాలిన్ కప్పాడు. కోళ్ళను తోలాడు. ఆదివారం చర్చిలో పూజ నుంచి వస్తూనే తెల్లచొక్కా విప్పి, జాకీ పెట్టి, మిగిలిన మూడు చక్రాలనూ ఒక్కొక్కటిగా లేపి, చేత్తో పావు చుట్టు తిప్పి దించేవాడు. కారు కదలకుండా ఉంటే బరువంతా ఒకచోటే పడి టైరు పల్లం పడుతుందట. "నాకు జొరమొచ్చి నెల పడుకున్నా నన్నెవరూ ఇలా తిప్పలేదు" అన్నాను. "నీ ఖరీదు అరవై రెండు వేలు లేదు గదే" అన్నాడు.

చీలిన టైరు షెడ్డులో ఒక మూల ఉండేది. పడవ నడిపే వెంకన్న దానిమీద కన్నేశాడు. జెట్టీకి కొట్టుకోకుండా పడవ పక్కన కట్టుకోవడానికి చచ్చిన టైర్లన్నీ అతనే పట్టుకెళ్తాడు. "ఈ బొద్దుది నాకియ్యండి తాతా" అన్నాడు. "కొత్తయి వచ్చాక ఇత్తాను. కొలత పక్కన పెట్టి చూసుకోవద్దా?" అన్నాడు తాత.

పార్శిలు మద్రాసు చేరింది. తాత ఇప్పటికీ మద్రాసనే అంటాడు. మర్నాడు కూడా మద్రాసులోనే ఉంది. ఆ మర్నాడూ అక్కడే. నాలుగో రోజు ఫోను వచ్చింది. కస్టమ్స్‌లో సరుకు విడిపించే ఏజెంటు. తమిళం కలిసిన తెలుగులో, చాలా మర్యాదగా మాట్లాడాడు. తాత స్పీకరు పెట్టించాడు.

"సార్, ఈ టైర్ తెచ్చేదానికి మీకు లైసెన్స్ ఉందా సార్?"

"లైసెన్సా? మాది టైర్ల కొట్టేనండి బాబూ. యాభై ఏళ్ళ నుంచి."

"అది కాదు సార్. ఫారిన్ టైర్ ఇంపోర్ట్ చేసేదానికి గవర్నమెంట్ లైసెన్స్ ఉండాలి. టైర్ మీద ఐఎస్ఐ గుర్తు కూడా లేదు."

"నాకు చెల్లెలు పంపిందండి. కానుక."

"కానుక అయినా సేమ్ సార్."

తాత గొంతు సవరించుకుని, ఇన్నాళ్ళూ దాచుకున్న ముక్క వేశాడు.

"మాది యానామండి."

"ఓకే సార్."

"ఫ్రెంచి యానామండి. అవి ఫ్రాన్సు నుంచే వచ్చాయి గదండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "సార్, ఎయిర్‌పోర్ట్ ఇండియాలో ఉంది సార్" అన్నాడతను. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

తాత వదల్లేదు. "గుర్తు లేకపోతే ఏం పోయిందండి? నేనే అక్కడికొత్తాను. ఆఫీసర్లందరి ముందూ తట్టి చూపిత్తాను. మంచి టైరో కాదో సౌండులోనే తెలిసిపోద్ది. కాదని తేలితే అక్కడే కోసి పారేయండి."

ఏజెంటు నవ్వలేదు. లైసెన్సు ఉంటే పన్ను కట్టి విడిపించుకోవచ్చని, ఒక్క కారుకు రెండు టైర్ల కోసం దాన్ని తెచ్చుకోవడం అయ్యే పని కాదని, తిరిగి పారిస్ పంపాలంటే మళ్ళీ కిరాయి అని, ఇక్కడే ఉంచితే గోడౌను అద్దె రోజూ పడుతుందని ఓపిగ్గా చెప్పాడు. నేను లెక్క వేసి చూశాను. తిరిగి పంపే కిరాయి మా దగ్గర లేదు. మామ్మను మళ్ళీ అడగడానికి తాతకు నోరు రాలేదు. ఆవిడ మాత్రం రోజూ అడుగుతోంది, "అన్నయ్యా, ఏశావా?" అని. "ఆ, ఇదిగో, ఏత్తన్నాను" అంటున్నాడు.

ఇంక మిగిలింది పాపారావుగారు. ఆయన ఇక్కడి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆయన మోటారు సైకిలు వెనక టైరు తాత అతుకుల మీదే నడుస్తోంది. తాత ఆదివారం తెల్లచొక్కాను బుధవారమే వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"పాపారావుగారండీ, మనం ఫ్రెంచోళ్ళ కింద ఉన్నామని ఒక కాగితం ఇప్పించండి. మద్రాసు పంపుతాను."

"అది యాభై నాలుగులోనే అయిపోయింది కదండీ ఇన్నయ్యగారూ."

"మరి పెట్రోలు?"

"అది అమ్మకం పన్నండి. వేరే."

"మందు?"

"అదీ వేరేనండి."

"అన్నీ వేరే అయినప్పుడు టైరొక్కటే ఎందుకు కలిసిందండి?"

పాపారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సమాధానం ఉన్నట్టే ఉంది గానీ, తాతకు చెప్పగలిగేంత చిన్నది కాదు. టీ తెప్పించారు. తాగి వచ్చేశాం. దారిలో నేను, "పోనీ తాతా, ఫ్రెంచివాళ్ళను మళ్ళీ రమ్మందామా, టైర్లు దించుకుని పంపించేద్దాం" అన్నాను. మామూలుగా అయితే మొట్టికాయ వేసేవాడు. ఆ రోజు వేయలేదు.

ఆగస్టు చివర ఒక పొద్దున, వెనక చదునుగా ఉండే పెద్ద బండి ఒకటి మా సందులోకి వచ్చింది. రావుగారు ముందు సీట్లోంచి దిగారు. హైదరాబాదు కొట్టులో టైర్ల జత కొనేశారట. కాకినాడలో మిషను మీద వేయిస్తారట.

"ఇంక ఎండకీ వానకీ పాడైపోద్దండి కారు. ఏమనుకోకండి" అన్నారు, తనే తప్పు చేసినట్టు.

"ఇక్కడికే తెప్పించండి బాబూ. నేనేత్తాను."

"దీనికి మిషనే కావాలండి. మీ చేతికేం కాలేదండి ఇన్నయ్యగారూ, ఆ టైరే అలాంటిది."

తాత టార్పాలిన్ తీసి మడత పెట్టాడు. బానెట్టు మీద కోడిరెట్ట ఒకటి ఉంటే లుంగీ అంచుతో తుడిచాడు. కారు ముందు మూల కింద చిన్న చక్రాల బల్ల దూర్చి, ఇనుప తాడు కట్టి లాగారు. తాతకు మిగిలిన పనల్లా కర్ర దిమ్మ తీయడం ఒక్కటే. అదైనా తనే తీస్తానని ఆ కుర్రాళ్ళను పక్కకు జరగమన్నాడు. దిమ్మ ఎత్తుకుని, కారు ఎక్కేదాకా దాన్ని కింద పెట్టకుండా అలాగే నిలబడ్డాడు.

ఊడదీసిన రిమ్మును రావుగారు బండిలో వేసుకున్నారు. తాత ఆయన దగ్గరగా వెళ్ళాడు.

"అయ్యి వచ్చాక ఏత్తానండి. మీ టైర్లు ఎప్పటికైనా అరుగుతాయి గదండి."

"ఆయ్, తప్పకుండానండి. అప్పుడు మీ దగ్గరికే తెత్తాను" అన్నారు రావుగారు. ఆయన కళ్ళు మాత్రం నావైపు తిరిగాయి. నేను దిమ్మ వైపు చూశాను.

వారం గడవకముందే ఏజెంటు ఒక కాగితం పంపాడు. ఇంటర్నెట్ సెంటరులో ప్రింటు తీయించి తెచ్చాను. ఈ సరుకు మీద నాకున్న హక్కును నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని ఇంగ్లీషులో ఉంది. సంతకం పెడితే గోడౌను అద్దె పెరగకుండా ఆగుతుంది. టైర్లను వాళ్ళు ఏం చేసుకుంటారో వాళ్ళిష్టం.

"అంటే?" అన్నాడు తాత.

"అంటే, నాకొద్దు అని రాసివ్వడం."

"ఒద్దని నేనెప్పుడన్నాను?"

"అనలేదు తాతా. కానీ రాసివ్వాలి."

"కావాలనే గదే తెప్పించింది! ఒద్దని ఎలా రాత్తాను? అది అబద్ధం కాదా? ఇష్టపూర్వకమంట. ఎవరిష్టం?"

కాగితం పదకొండు రోజులు మీటరు కింద ఉంది. ఏజెంటు మూడుసార్లు ఫోను చేశాడు. "సార్, రోజూ అద్దె ఎక్కుతోంది సార్, అంతా మీ పేరు మీదే" అన్నాడు. మూడోసారి తాత ఫోను తీసుకుని, "బాబూ, అయి బాగున్నాయా? ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టారా, నిలబెట్టారా?" అని అడిగాడు. చూడలేదు సార్ అన్నాడతను. "నిలబెట్టమనండి" అన్నాడు తాత.

పన్నెండో రోజు చేతులు కడుక్కుని పెన్ను అడిగాడు. తాత సంతకం చూడాల్సిందే. ఏడేళ్ళ వయసులో ఫ్రెంచి బడిలో నేర్చుకున్న ఒక్కటే విద్య అది. ఒంకర్లు తిరిగి, చివర తోకతో పూర్తవుతుంది. పెట్టాడు. పెన్ను తిరిగి ఇవ్వలేదు. దాని కింద తెలుగులో, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాశాడు: ‘నాకు కావాలి. ఇవ్వము అంటున్నారు.’

"అలా రాయకూడదు తాతా."

"నిజమే గదా రాశాను. నిజం రాయకూడదని ఉందా కాగితంలో?"

లేదు. అలాగే ఫొటో తీసి పంపాను. గంటలో ఏజెంటు నుంచి ఫోను.

"మేడమ్, సంతకం కింద తెలుగులో ఏదో రాసుంది. నాకు చదవరాదు. అదేంటి?"

తాత నీళ్ళతొట్టిలో ట్యూబు ముంచుతూ ఆగి, నావైపే చూస్తున్నాడు.

"అది మా తాతగారి అడ్రసండి" అన్నాను.

"ఓ, ఓకే మేడమ్" అని అతను పెట్టేశాడు.

"ఏవన్నాడే?"

"ఓకే అన్నాడు."

"సదివాడా?"

"ఆ."

"సదివి, ఓకే అన్నాడా?" తాత ట్యూబును నీళ్ళలోంచి పైకి తీశాడు. "అయితే మల్లీ ఆలోచిత్తారంటావా?"

నేను ఏదో ఒకటి అనేలోపే వెంకన్న వచ్చాడు. కారు లేని గుమ్మం చూశాడు, మూలనున్న చీలిన టైరు చూశాడు.

"కారెళ్ళిపోయింది గదా తాతా. ఇంక ఈ బొద్దుది పట్టుకుపోనా?"

"ఆగరా, తొందరేటి?" అన్నాడు తాత, ట్యూబును మళ్ళీ తొట్టిలో ముంచుతూ. "ఆ జత వచ్చాక పట్టుకెళ్దువుగాని."